పాలూ పెరుగూ లేనిది ఏముంది?

మా నాన్న వారానికి ఒక్క పూటే కడుపునిండా తింటాడు. ఆదివారం మధ్యాహ్నం, హోటల్లో, నా ఎదురుగా కూర్చుని. మిగతా రోజుల్లో ఆయన తినేదాన్ని భోజనం అనడానికి నాకు నోరు రాదు. పొద్దున టీలో ముంచిన బిస్కెట్లు, మధ్యాహ్నం ఇంత అన్నంలో ఇంత పెరుగు, రాత్రికి "ఆకల్లేదే" అనే ముక్క. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఈ జంషెడ్‌పూర్‌లోనే నేనుండేది కాసిడీహ్‌లో, ఆయనుండేది కద్మాలో. మా ఇంటికొచ్చి ఉండమంటే రాడు. నేను వండి క్యారేజీ పంపిస్తే శుభ్రంగా కడిగి తిరిగి పంపిస్తాడు గానీ, లోపలిది ఎవరు తిన్నారో చెప్పడు. ఆదివారం హోటల్ అంటే మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నేను వెళ్ళేసరికి గేటు దగ్గర నిలబడి ఉంటాడు.

అక్కడా ఒక షరతు ఉంది. నా ప్లేటు ఖాళీగా ఉంటే ఆయన తన ప్లేటులో చెయ్యి పెట్టడు. ఇది ప్రేమ అనుకుంటే పొరపాటు, ఇది డిసిప్లిన్. ఆయన ఉద్యోగమంతా స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో గడిచింది. అక్కడ కాంటీన్‌లో గ్యాంగు మొత్తం ఒకే బల్ల దగ్గర కూర్చునేదట. ఒకడికి ప్లేటు రాకపోతే మిగతావాళ్ళెవరూ ముద్ద ఎత్తకూడదు. ఎండాకాలం ఫర్నేసు పక్కనుంచి నీరసంగా వచ్చినవాళ్ళు కూడా ఆ ఒక్కడి కోసం చేతులు కట్టుకుని కూర్చునేవారట. రిటైరై ఇన్నేళ్ళయినా నాన్న లెక్కలో ఆ గ్యాంగు ఇంకా రద్దు కాలేదు. ఇప్పుడందులో మిగిలింది ఆయనా నేనూ. నేను తింటే ఆయన తింటాడు, నేను తినకపోతే చెయ్యి కడిగేసుకుంటాడు.

సరిగ్గా ఇలాంటి పరిస్థితిలో నేను పాలు మానేశాను.

మా మేనత్త ఉండేది భాలుబాసాలో. ఆవిడ ఇంటి వెనక సందులో ఒక ఖటాల్ ఉంది. ఆవుల్నీ గేదెల్నీ కట్టేసి, పాలు పిండి, వాడుక ఇళ్ళకి పోసే పాక అన్నమాట. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆ పాలే తాగాను, ఆ పాల మీగడ కోసం కొట్టుకున్నాను కూడా. ఒక పొద్దున అత్తకి ఒంట్లో బాగోలేదంటే చెంబు పట్టుకుని నేనే వెళ్ళాను. ఒక ఆవు ముందు దూడ నిలబడి ఉంది. ఆవు దాన్ని నాకుతోంది. ఎంత ముచ్చటగా ఉందో అనుకుంటూ దగ్గరకెళ్తే అది దూడ కాదు, దూడ తోలు. లోపల గడ్డి కూరి, కర్రలకి కట్టి నిలబెట్టారు. దూడ పోయింది, ఇది ముందు లేకపోతే ఆవు పాలు చేపదు అన్నాడు పాలు పిండే ఆయన, వానొస్తుందేమో అన్నంత మామూలుగా. ఆవు మాత్రం ఆ తోలు చెవి దగ్గర నాకుతూనే ఉంది. నేను ఖాళీ చెంబుతో తిరిగొచ్చాను.

ఆ రోజు టీ తాగలేకపోయాను. మర్నాడూ తాగలేకపోయాను. తర్వాత పెరుగు వాసన చూసినా ఆ గడ్డి దూడే కనపడేది. కోడి, చేప కూడా వదిలేశాను, అవి తింటూ పాలు మానడంలో న్యాయం ఏముందని. దీనికి వీగన్ అని ఒక పేరుందని మా స్కూల్లో తోటి టీచరు చెప్పింది. పేరు తెలిసేసరికి జబ్బు ఖాయమైనట్టయింది. మాంసం మానేస్తే మనవాళ్ళు భక్తి అంటారు, పాలు మానేస్తే పిచ్చి అంటారు. మా ఇంట్లో మా ఆయన ఏ పేరూ పెట్టకుండా, తన టీ తను పెట్టుకోవడం నేర్చుకున్నాడు. నాన్నకి చెప్పడానికే భయపడ్డాను.

"ఏటే అమ్మీ," అన్నాడు నాన్న, చివరికి చెప్పేసరికి. "కోడి ఒగ్గేసినావు, సరే. సేప ఒగ్గేసినావు, అదీ సరే. పాలేటి సేసినాయే నిన్ను?"

నేను గడ్డి దూడ సంగతి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, "పెరుగు తినొచ్చు గదా" అన్నాడు, పెరుగు వేరే ఊరి నుంచి వస్తుందన్నట్టు.

ఆయన బాధ పెరుగు గురించే అని నాకు తెలుసు. మా నాన్న హోటల్‌కి వెళ్ళేటప్పుడు చేతిసంచీలో చిన్న స్టీలు డబ్బా పెట్టుకుంటాడు. అందులో పెరుగు. హోటల్ పెరుగు పెరుగు కాదని ఆయన నమ్మకం. బయటి తిండి తీసుకురాకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నచోట, సరిగ్గా ఆ గోడకే ఆనుకుని కూర్చుని, చివర్లో ఆ డబ్బా తీసి మూత తిప్పుతాడు. వెయిటర్లు మొదట్లో అభ్యంతరం చెప్పేవారు. తర్వాత వాళ్ళే ఒక ఖాళీ గిన్నె తెచ్చి పెట్టడం మొదలెట్టారు. ఆ డబ్బాలోది అమ్మ తోడు పెట్టిన పెరుగు. అంటే అమ్మ పోయిన రోజు ఫ్రిజ్‌లో మిగిలిన గిన్నెని ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పన్నెండో రోజు వరకూ అత్త దాన్ని కాపాడి ఇచ్చింది. ఆ రోజు నుంచీ నాన్న రోజూ పాలు కాచి, గోరువెచ్చన చేసి, ముందురోజు పెరుగులోంచి ఒక చెంచా తీసి తోడేస్తాడు. నిన్నటిలోంచి ఇవాళ, ఇవాళ్టిలోంచి రేపు. అమ్మ ఉండగా ఎప్పుడూ గ్యాస్ పొయ్యి వెలిగించని మనిషి ఆ ఒక్క పని మాత్రం తప్పకుండా చేస్తాడు. ఊరెళ్ళాల్సి వస్తుందని పెళ్ళిళ్ళు కూడా ఎగ్గొట్టాడు.

ఆ డబ్బాని ఆయన ఆదివారం ఆదివారం నా వైపు జరుపుతాడు. నేను తిరిగి ఆయన వైపు జరుపుతాను. "మీ అమ్మ తోడే" అంటాడు. "తెలుసు నాన్నా" అంటాను. ఆవుని తలుచుకుంటే తినలేను, అమ్మని తలుచుకుంటే వద్దనలేను. ఆ రెండింటి మధ్య డబ్బా బల్ల మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.

పెరుగు సంగతి పక్కన పెడితే, ముందు నా ప్లేటు నిండాలి కదా, ఆయన తినాలంటే. అక్కడ మొదలైంది అసలు భాగోతం.

మొదటి వారం బిష్టుపూర్‌లో ఒక పెద్ద హోటల్‌కి వెళ్ళాం. మెనూ అట్ట తోలుతో చేసింది, అది నేను పట్టించుకోనట్టు నటించాను. వీగన్‌కి ఏమున్నాయని వెయిటర్ని అడిగాను. "మేడమ్, సబ్ వెజ్ హీ హై" అన్నాడు గర్వంగా, అన్నీ శాకాహారమేనని. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పన్నీరు, క్రీము లేనిది కావాలన్నాను. అతను మెనూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి, మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పి, చివరికి నా ముఖంలోకి జాలిగా చూసి, నీళ్ళు చల్లవి కావాలా మామూలువి కావాలా అని అడిగాడు.

రెండో చోట వీగన్ అనకుండా వివరంగా చెప్పాను. అతనికి వెంటనే అర్థమైపోయింది. "అచ్ఛా, జైన్!" అన్నాడు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఆలుగడ్డ లేదు. వాటన్నిటి లోటూ తీర్చడానికి రెండింతల క్రీము పోసి తెచ్చాడు. ఇంకోచోట ఉపవాసం అనుకున్నారు. పాపం లోపలికెళ్ళి ఎంతో శ్రద్ధగా సగ్గుబియ్యం నేతిలో వేయించి, పక్కన గిన్నెడు పాయసం పెట్టి, దండం పెట్టినంత పని చేశారు. మరోచోట డాక్టరు వద్దన్నాడని అబద్ధమాడి చూశాను. వెయిటర్ కళ్ళలో కన్నీళ్ళొక్కటే తక్కువ. తన పెదనాన్నకీ ఇలాగే ఉండేదని, నూనె అసలు తగలకూడదని కూర ఉడకబెట్టించి, నీరసం రాకుండా పైన పన్నీరు తురుము చల్లించాడు. ఎలర్జీ అన్నచోట మేనేజరే బయటికొచ్చాడు. ఏదైనా అయితే మాది బాధ్యత కాదండీ, పక్కనే మంచి హోటల్ ఉంది అని దారి చూపించాడు. ఆ పక్క హోటల్ నుంచే మేం అప్పుడే వచ్చాం.

దక్షిణాది హోటల్‌లో నాకు కష్టం ఉండదనుకున్నాను. దోసె మనదే కదా. కానీ ఉత్తరాదివాళ్ళ మెప్పు కోసం మన దోసె వెన్న ముద్దలో స్నానం చెయ్యడం నేర్చుకుంది. వెన్న వద్దంటే నెయ్యి వేశారు, నెయ్యి వద్దంటే చీజ్ వేశారు, అదీ వద్దంటే కాల్చే ఆయనే పెనం వదిలి వచ్చి, వంటలో ఏమైనా తప్పుందా అమ్మా అని అడిగాడు. రోడ్డు పక్కన లిట్టీ చోఖా నయమని వెళ్తే, నిప్పుల మీద కాల్చిన లిట్టీని, అంటే గోధుమపిండి ఉండని, నా కళ్ళ ముందే నేతి గిన్నెలో ముంచి తీశారు. వద్దన్నా వినలేదు. నెయ్యి లేకుండా ఆడవాళ్ళకి పెడితే పాపమట.

ఇవన్నీ నాన్న ఎదురుగానే జరిగాయి. ఆయన ముందు ప్లేటు, నా ముందు చర్చ. చర్చ తేలేలోపు ఆయన కూర చల్లారిపోయేది. చివరికి నాకు ఉత్త రొట్టె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వచ్చేవి. అవి చూసి నాన్న, "నువ్వు ఉల్లిపాయలు నమిల్తా ఉంటే నాను కోడి ఎలాగ తిననే?" అని సగంలో లేచిపోయేవాడు. ఆయన చొక్కా కాలరు మెడకి వదులవుతోంది. నా నియమం నా ఒంటికి ఏమీ చెయ్యలేదు గానీ, మా నాన్న ఒంటిని కరిగిస్తోంది. అది చూసి నాకు నా మీదే కోపం వచ్చేది, తర్వాత ఊళ్ళో ఉన్న వంటవాళ్ళందరి మీదా వచ్చేది.

ఒక్కసారి మాత్రం దేవుడు కనిపించాడు. మార్కెట్‌లో ఒక పాత భోజన హోటల్. "స్వచ్ఛమైన నేతితో మాత్రమే" అని బోర్డు. నేను యజమానిని పక్కకి పిలిచి, ఒక్క కూరైనా నెయ్యి లేకుండా చెయ్యగలరా అని బతిమాలాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, భయపడకండి మేడమ్, అంతా డాల్డానే, బోర్డు మా నాన్నగారి కాలంది అన్నాడు. ఆ నిజం విని సంతోషించిన గిరాకీ ఈ జంషెడ్‌పూర్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కానీ మరుసటి ఆదివారం వెళ్ళేసరికి ఆయన నన్ను చూడగానే కంగారుపడి, మీకోసం స్పెషల్‌గా అసలు నెయ్యి తెప్పించానన్నాడు. నేను ఎవరికైనా చెప్పేస్తానని భయపడ్డాడు, పాపం.

ఈ కష్టాలన్నీ ఒకరోజు అత్త దగ్గర వెళ్ళగక్కాను. అత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, నవ్వి ఊరుకోలేదు, తిట్టింది.

"ఒసే పిల్లా, అంత సదువు సదివినావు, ఒక్క ముక్క సెప్పడం రాదేటి? గయలో ఒగ్గేసినానని సెప్పు. మరింకేటీ అడగరు."

మా వైపు వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. గయకి వెళ్ళి పోయినవాళ్ళకి పిండం పెట్టినవాళ్ళు చివర్లో తమకి ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి రావాలి. కూరో, పండో. బతికినన్నాళ్ళూ మళ్ళీ ముట్టుకోకూడదు. ఇష్టమైనది వదలాలని శాస్త్రం, ఎలాగూ తిననిది వదలడం ఆచారం. మా బంధువుల్లో కాకరకాయ వదిలినవాళ్ళే ఎక్కువ. మా నాన్న వాళ్ళమ్మ కోసం గయ వెళ్ళినప్పుడు పొట్లకాయ వదిలాడు. అంతకుముందు ఆయన పొట్లకాయని పాముని చూసినట్టు చూసేవాడు. వదిలాక ఎవరైనా వడ్డించబోతే మాత్రం కళ్ళు మూసుకుని, "గయలో ఒగ్గేసినాను" అనేవాడు, ఎంత త్యాగం చేశాడో అన్నట్టు.

స్కూలు టీచర్లతో కలిసి వెళ్ళినప్పుడు మొదటిసారి ఆ మాట వాడి చూశాను. "గయా మే ఛోడ్ దియా. దూధ్, దహీ, ఘీ, సబ్." వెయిటర్ నిటారుగా నిలబడ్డాడు. ప్రశ్న లేదు, జాలి లేదు. లోపలికెళ్ళి వంటవాడితో గట్టిగా చెప్పడం వినిపించింది. పెనం వేరే, గరిటె వేరే, ఆవనూనెలో బెండకాయ వేపుడు, తాలింపు పప్పు, పొడి రొట్టెలు. కాస్త వెన్న తగిలిందేమోనని ఒక రొట్టెని తనే వెనక్కి తీసుకెళ్ళాడు. ఆవు గురించి అరగంట చెప్పినా కదలని మనుషులు గయ అనగానే కదిలిపోయారు. నాకు సంతోషమూ వేసింది, ఒళ్ళూ మండింది. బతికున్న ఆవు కోసం ఎవరూ గరిటె కడగరు, పోయినవాళ్ళ పేరు చెప్తే వంటిల్లంతా కడుగుతారు.

ఆ ఆదివారం నాన్నని కద్మా మార్కెట్ దగ్గర మేం మామూలుగా వెళ్ళే హోటల్‌కి తీసుకెళ్ళాను. అక్కడి వెయిటర్ మాకు బాగా తెలిసినవాడే, నాన్న వయసుకి దగ్గర మనిషి. నాన్న డబ్బా కోసం గిన్నె తెచ్చిపెట్టేది అతనే. నేను తొణక్కుండా చెప్పేశాను, గయలో వదిలేశానని.

"కిస్‌కే నామ్ సే, బేటీ?" అన్నాడు అతను మెత్తగా. ఎవరి పేరు మీద అని.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. టీచర్లతో వెళ్ళినప్పుడు ఎవరూ అడగలేదు. నోరు దానంతటదే అంది. "మా కే నామ్ సే." అమ్మ పేరు మీద.

వెయిటర్ తల వంచి లోపలికెళ్ళిపోయాడు. భోజనం వచ్చింది. నా ప్లేటు ఎన్నాళ్ళకో నిండుగా వచ్చింది, పప్పు, బెండకాయ, వంకాయ, వేడి రొట్టెలు. నేను గెలిచినట్టు నాన్న వైపు చూశాను. ఆయన చెయ్యి ప్లేటులో లేదు, ఒళ్ళో ఉంది.

"మీ అమ్మకి గయ ఎప్పుడెట్టినామే?" అన్నాడు.

మేం అమ్మకి గయ పెట్టలేదు. ఏడాది దాటగానే వెళ్దామని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ నాన్నకి ఏదో ఒకటి అడ్డొచ్చేది. చలికాలం మంచుకి రైళ్ళు ఆలస్యం, ఎండాకాలం గయలో నేల కాలుతుంది, వానల్లో మోకాళ్ళ నొప్పి. అవన్నీ సాకులని మా అందరికీ తెలుసు. గయ పెట్టేస్తే ఇక ఆ పేరు మీద చెయ్యాల్సింది ఏమీ మిగలదని ఎవరో ఆయనతో అన్నారు. అప్పట్నుంచీ గయ అనే మాట మా ఇంట్లో ఎవరూ ఆయన ముందు ఎత్తేవాళ్ళు కాదు. అలాంటి మాటని నేను పప్పూ రొట్టె కోసం వాడుకున్నాను.

"నాన్నా, ఊరికే అన్నాను. వాళ్ళకి అలా చెప్తే గానీ అర్థం కాదు" అన్నాను.

"నానెట్టలేకపోయినాను. నువ్వు నోటితో ఎట్టేసినావు" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నాకు మరీ కష్టమైంది. లేచి బయటికి నడిచాడు. నా నిండు ప్లేటు, ఆయన నిండు ప్లేటు, మూత తియ్యని పెరుగు డబ్బా అలాగే బల్ల మీద ఉండిపోయాయి. డబ్బా పట్టుకుని నేను ఆయన వెనకే పరిగెత్తాను.

తర్వాతి ఆదివారం ఆయన గేటు దగ్గర లేడు. లోపల టీవీ ముందు కూర్చుని, ఆకల్లేదన్నాడు. ఆ పై ఆదివారమూ అంతే. ఆ ఒక్క పూట కూడా పోయింది. నేను పాలు తాగేస్తే పోలేదా అనిపించింది. నిజంగానే ఒకరోజు ఆయన వంటింట్లో తోడేసిన గిన్నె మూత తీసి, చెంచా పట్టుకుని నిలబడ్డాను. ఆవు నాలుక, ఆ గడ్డి చెవి. ఆ పక్కనే అమ్మ చెయ్యి. చెంచా కిందపెట్టేసి, సింకు ముందు నిలబడి ఏడ్చాను. నాన్న వెనక నుంచి చూశాడని నాకు తర్వాత తెలిసింది.

రెండ్రోజుల తర్వాత ఫోన్ చేశాడు. పలకరింపు లేదు, ఉపోద్ఘాతం లేదు. "గయకి టికెట్లు తియ్యి. సెప్పేసినావు గదా, ఇంకెల్లాల."

వెళ్ళే ముందు రోజు ఎదురింటి ఒడియా ఆవిడకి తోడు కోసం ఒక గిన్నె పెరుగు ఇచ్చి, నేనొచ్చేదాకా దీన్ని నడపాలమ్మా అని అప్పగించాడు. ఆవిడ ఎందుకని అడగలేదు. మంచి మనిషి.

గయలో మనవాళ్ళ కోసం తెలుగు మాట్లాడే అయ్యగారు ఉన్నారు. ఆయన మంత్రాల వేగం మా ఊరి సిగ్నల్ దగ్గర ఆటోలకి ఉండదు. నాన్న మాత్రం ఒక్కో పిండాన్నీ రెండు చేతులతో పట్టుకుని, అరటాకు మీద ఎంత నెమ్మదిగా పెట్టాడంటే అయ్యగారు రెండుసార్లు మంత్రం మొదటికి రావాల్సి వచ్చింది. అన్నీ అయ్యాక, ఏం వదులుతారు చెప్పండి అన్నారు అయ్యగారు. నాన్న నోరు తెరిచేలోపు ఆయనే, కాకరకాయ రాసుకోమంటారా అని సాయం చేశారు.

"పొట్లకాయ" అన్నాడు నాన్న అలవాటుగా, వెంటనే నాలిక్కరుచుకుని, "అది మా అమ్మకే ఒగ్గేసినాను" అన్నాడు.

"ఒకసారి వదిలింది మళ్ళీ వదలకూడదండీ. ఇంకేదైనా పండు చెప్పండి. రేగుపండు? నేరేడు?"

నాన్న నా వైపు చూశాడు. "పెరుగు" అన్నాడు.

అయ్యగారు చేతిలో దర్భ కిందపెట్టేశారు. "పెరుగు వద్దండీ. ఈ వయసులో పెరుగు లేకుండా అన్నం ఎలా దిగుతుంది? ఏ పనసకాయో చెప్పండి."

"పెరుగే" అన్నాడు నాన్న.

అప్పుడు జరిగిందాన్ని నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఊళ్ళో ప్రతి హోటల్లోనూ పెరుగు వద్దని వాదించిన మనిషిని, గయలో పెరుగు కోసం మా నాన్న చెయ్యి పట్టుకుని బతిమాలాను. "వద్దు నాన్నా. అది అమ్మది. నేరేడు చెప్పు, పనసకాయ చెప్పు, నీకు దణ్ణం పెడతాను."

"మీ అమ్మదనే" అన్నాడు. "నాకు అంత ఇష్టమైంది ఇంకేటుందే ఒగ్గడానికి? మీ అమ్మకి కూడా కాకరకాయే ఎట్టమంతావేటి?"

అయ్యగారు నిట్టూర్చి మంత్రం చదివేశారు. తర్వాత నా వైపు తిరిగి, మీరూ ఒకటి చెప్పండమ్మా అన్నారు. నేను పాలూ పెరుగూ నెయ్యీ ముందే వదిలేశానన్నాను. ఇక్కడికి రాకముందు వదిలింది లెక్కలోకి రాదమ్మా, కొత్తది చెప్పండి అన్నారాయన. నేను ఇన్నాళ్ళూ పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క ముక్కతో కొట్టుకుపోయాయి. అసలే నేను తినగలిగేవి ఈ దేశంలో కొన్నే ఉన్నాయి, వాటిల్లోంచి ఇంకోటి ఎక్కడినుంచి తేను?

"పొట్లకాయ" అన్నాను.

నాన్న ఫక్కున నవ్వాడు. అమ్మ పోయిన తర్వాత ఆయన అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. పక్కన పిండాలు పెట్టుకుంటున్నవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

తిరిగొచ్చిన తర్వాత మొదటి ఆదివారం, ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిసంచీ ఉంది, అలవాటు. హోటల్లో అదే బల్ల, అదే వెయిటర్. ఈసారి నేను మాట్లాడే అవసరం రాలేదు. నాన్నే మొదలెట్టాడు. తందూరీ చికెన్‌లో పెరుగుందా? నానబెట్టేదే పెరుగులో, భాయ్‌సాబ్ అన్నాడు వెయిటర్. మరి కోడి గ్రేవీలో? అందులోనూ ఉంది. బిర్యానీలో? ఉంది. పన్నీర్ కూరలో? మసాలాలో కలుపుతాం. నాన్‌లో ఉండదు కదా? పిండి కలిపేదే పెరుగుతో, భాయ్‌సాబ్. ఒక్కో జవాబుకీ నాన్న ముఖం చూడాల్సిందే. మెనూ మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పి, మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పాడు.

"ఏటే ఇది? అన్నింట్లోనూ పెరుగేనేటి? నువ్వు ఇన్నాళ్ళూ ఏటి తిన్నావే?"

"ఉల్లిపాయలు" అన్నాను.

ఆయన మెనూ మూసేసి, వెయిటర్‌తో హిందీలో చెప్పాడు, ఇద్దరికీ ఒకటే, పప్పు, బెండకాయ, పొడి రొట్టె, అన్నం, పాలూ పెరుగూ ఏదీ తగలకూడదు, గయలో వదిలేశాం అని. ఎవరి పేరు మీద అని వెయిటర్ ఈసారి అడగలేదు. నాన్నే చెప్పాడు. "ఇస్కీ మా కే నామ్ సే." దీని అమ్మ పేరు మీద. చెప్పి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

రెండు ప్లేట్లూ ఒకేసారి వచ్చాయి. వెయిటర్ పాత అలవాటుతో ఖాళీ గిన్నె కూడా తెచ్చి పెట్టాడు, పెట్టాక గుర్తొచ్చి తీసుకెళ్ళబోయాడు. ఉండనీ అన్నాడు నాన్న. ఆయన చెయ్యి సంచీలోకి వెళ్ళి, అక్కడ ఏమీ లేదని తెలిసి కూడా కాసేపు లోపలే ఉండిపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలని, ఎదురింటావిడ దగ్గర్నుంచి ఆ తోడు తిరిగి తెచ్చుకున్నావా అని అడిగాను.

"తెచ్చుకుని నానేటి సేత్తాను? ఆవిడే నడుపుతంది. పఖాళలో కలుపుకుంతాదట, మన సద్దన్నం లాంటిదే. బాగుందంతంది." చెయ్యి బయటికి తీసి, రొట్టె తుంచాడు. "రోజూ పొద్దున గేటు కాడ నిలబడి అడుగుతన్నాను, తోడుకుందేటమ్మా అని. ఇవాళ కూడా తోడుకుందట."

తర్వాత నా ప్లేటు వైపు చూసి, నేను ముద్ద ఎత్తేదాకా ఆగాడు.